ఎర్ర బండికి నాలుగు నిమ్మకాయలు

బెంగుళూరు, బళేపేట
31-8-1947, ఆదివారం

బావా అశ్వత్థప్పా,

మీరంతా బాగున్నారనే అనుకుంటాను. అడిగి తెలుసుకునేంత ఓపిక ఈ పూట నాకు లేదు. నిన్న నేను పులి మీద ఎక్కాను!

నవ్వకు. కంటోన్మెంటులో ఒక దొర మూటాముల్లె సర్దుకొని సీమకు పోతున్నాడు. తన కారును మన సుబ్బరాయుడి గ్యారేజీలో అమ్మకానికి పెట్టాడు. ఎస్.ఎస్. జాగ్వార్! పొడుగాటి ముక్కు, విస్తళ్ళంత దీపాలు, ముక్కు కొసన ముందుకు దూకుతున్న పులి బొమ్మ. దాని ఎదురుగా నిలబడితే నాకు మాట రాలేదు బావా. నాకు! భజన మందిరంలో మూడు గంటలు గొంతు తడుపుకోకుండా పురాణం చెప్పేవాడికి!

"చూస్తా నిలబడితే ఏమొస్తాది స్వామీ, ఎక్కి తోలండి. తోలితే పాపమా?" అన్నాడు సుబ్బరాయుడు. తోలాను. హెబ్బాళ చెరువు దగ్గర మొదలుపెట్టి యలహంక చేరేసరికి నా తలగుడ్డ ఎక్కడ ఎగిరిపోయిందో తెలియదు. వామనుడు మూడో అడుగు ఎత్తినప్పుడు బలిచక్రవర్తికి గుండె ఎట్లా కొట్టుకున్నదో నాకు నిన్న తెలిసింది. ఇన్నేళ్ళూ తెలియకుండానే ఆ కథ చెప్పాను.

ఇక అసలు సంగతి. పదేళ్ళ కిందట మహర్నవమి నాడు నా ఎర్ర ఎం.జి.నీ, నీ ఆకుపచ్చ ఎం.జి.నీ పక్కపక్కన నిలబెట్టి, ఒకే నిమ్మకాయ మీద ఇద్దరం చెయ్యి వేసి, "ఈ ముద్ర ఉన్న బండి తప్ప మరో బండి చక్రం పట్టం" అని ఒట్టు పెట్టుకున్నాం. ఒట్టు ఇద్దరిది. విడుపు కూడా ఇద్దరూ ఇవ్వాలి. నీ చేతి రాతతో "విడిచాను" అని ఒక్క ముక్క రాయి, చాలు. సుబ్బరాయుడు ఎర్ర బండిని తీసుకుని జాగ్వార్ ఇస్తాడు. ఆయుధపూజ నాడు మార్పిడి.

ఎర్ర బండి మీద నాకు కృతజ్ఞత లేదనుకోకు. యుద్ధంలో టైరు ముక్క కూడా దొరకని కాలంలో, ఎవరో చచ్చిపోయిన కాఫీతోట దొర బండి తునకల్లోనుంచి చక్రాలు, కార్బురేటరు, రేడియేటరు, ఇరుసు ఏడాదికొకటిగా నీ చేత దేవుడు పంపించాడు. నమ్ముకున్నవాడికి ఆయన విడిభాగాలు కూడా అందిస్తాడని బొమ్మనహళ్ళి నుంచి అత్తిబెలె దాకా ఎన్ని ఊళ్ళలో చెప్పానో లెక్కలేదు. కానీ బావా, ఇది పులి!

చెల్లెలు పంపిన నిమ్మకాయ ఊరగాయ జాడీ అడుగు కనిపిస్తోంది. ఐదేళ్ళుగా తింటున్నాను, ఆ రుచి ఇంకెక్కడా లేదు. మా ఇంటిది నంజమ్మ అడిగితే కూడా చెంచాడే ఇస్తున్నాను.

విడుపు కోసం పోస్టుమాన్ దారి చూస్తూ,
ఆదినారాయణప్ప


మదనపల్లె
6-9-1947

బావా,

నీ జాబు సొన్నమ్మకు చదివి వినిపించాను. "మా అన్నకు ఎండదెబ్బ తగిలింది" అంది. వర్షాకాలంలో ఎండదెబ్బ ఏమిటని నేను అడగలేదు.

చెప్పేవి శ్రీరంగనీతులు. పోయిన ఉగాదికి మా ఊరికి వచ్చి ఏం చెప్పావు? ఎం.జి. ముద్రకు ఎనిమిది మూలలున్నాయి, అది సాక్షాత్తూ అష్టాక్షరీ మంత్రమే అన్నావు. పట్టుదారం తీసే రీలింగు షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళంతా లెంపలు వేసుకున్నారు. పెద్ద జయమ్మ ఇప్పటికీ ఎనిమిది మూలల ముగ్గు తప్ప వేరేది వేయడం లేదు. ఇప్పుడు ఆమెతో ఏమని చెప్పమంటావు? స్వామి పిల్లి బొమ్మ చూసి మతం మారాడని చెప్పనా?

ఒక రథాన్ని పదేళ్ళు తోలి, ముసలిదయినాక వీధిలో వదిలిపెట్టినవాడు ఏ పురాణంలో ఉన్నాడు? ఉంటే ఆ పేరు రాసి పంపు, విడుపు సంగతి అప్పుడు ఆలోచిద్దాం.

అంతవరకు ఎర్ర బండిని ఎవరికీ ఇవ్వవద్దు. ఇది మాత్రం తమాషాకు రాయడం లేదు. సుబ్బరాయుడికీ ఇవ్వవద్దు, ఇంకెవరికీ ఇవ్వవద్దు.

ఈ ఏడు పట్టుగూళ్ళు బాగున్నాయి. వానలు కూడా పరవాలేదు.

అశ్వత్థప్ప


బెంగుళూరు
12-9-1947

బావా, ఓ నా ధర్మరాజా,

పురాణం అడిగావు కాబట్టి విను. రాముడు రావణుడితో యుద్ధం ఎట్లా మొదలుపెట్టాడు? కాలినడకన. ఇంద్రుడు రథం పంపితే "వద్దయ్యా, నాకు నేల అలవాటు" అన్నాడా? ఎక్కాడు! గెలిచి అయోధ్యకు దేనిలో పోయాడు? ఇంద్రుడి రథం వెనక్కి పంపి పుష్పకం ఎక్కాడు! ఒక్క కాండలో రెండు మార్పులు! ఆయన్ని మాట తప్పినవాడని అనగలవా?

పిల్లి అన్నావు, నోరు కడుక్కో. అది అమ్మవారి వాహనం. మహర్నవమి ఎవరి పండుగ? అమ్మవారిది. ఆ రోజే ఆ బండి నా ఇంటికి వస్తున్నదంటే ఎవరు తోలుకొస్తున్నట్టు? ఎనిమిది మూలల మంత్రం పదేళ్ళు జపించాను కాబట్టే ఆ తల్లి కరుణించింది. జయమ్మతో ఇట్లాగే చెప్పు.

పోయిన నెల దేశమే తన దొరను మార్చుకుంది. ఊరంతా జెండాలు కట్టి మిఠాయిలు పంచారు. నేను బండి మార్చుకుంటే నువ్వు మూతి ముడుచుకుంటావా?

నిన్న నంజమ్మను ఎక్కించుకుని లాల్‌బాగ్ చుట్టూ తిప్పాను. మొదట "నాకొద్దు, నడుము నేలకు తగలతాది" అని కొంగు బిగించుకుంది. రెండో చుట్టులో "ఏమయ్యా, ముందరున్న ఆ జట్కాను దాటలేవా?" అంది. మూడో చుట్టు ఆమే అడిగింది! ధర్మపత్ని ఒప్పుకుంది, నువ్వెవరివి అడ్డం?

సుబ్బరాయుడు ఎర్ర బండిని జాకీ మీద ఎత్తి తట్టి చూశాడు. "ఎంత బాగా కాపాడినారు స్వామీ! చక్రాలు, ఇరుసు అన్నీ కంపెనీవే ఉండాయి. ఇట్లాంటి ఎం.జి. మైసూరు సీమలో ఇంకొకటి ఉంటే నా మీసం తీసేస్తా" అన్నాడు. మద్రాసు నుంచి ఒక వకీలు దానికోసం కాచుకుని ఉన్నాడట. ఎర్ర బండి చేతికి వస్తేనే జాగ్వార్ ఇస్తానని సుబ్బరాయుడి పట్టు. నేను మాట ఇచ్చేశాను.

నువ్వు అసూయ పడుతున్నావేమోనని నంజమ్మ అంటోంది. పడకు. నీ ఆకుపచ్చ బండి నీకుంది కదా, పెట్రోలు కూపన్లు నేనిస్తాను, తోలుకురా. నంది కొండ దాకా పందెం వేద్దాం. అసలు అది ఎట్లా ఉందో చూసి ఎన్నాళ్ళయింది! నేను రెండుసార్లు వచ్చినా షెడ్డుకు తాళమే. ఒకసారి తాళంచెవి కనబడలేదన్నావు, ఇంకోసారి బండి పెండ్లికి పోయిందన్నావు.

విడుపు పంపు. లేకపోతే పంపలేదని అమ్మవారికే చెప్పుకుంటాను.

ఆదినారాయణప్ప


మదనపల్లె
19-9-1947

బావా,

నీ ఇష్టం. పెద్దవాడివి, నాలుగు గ్రంథాలు తిరగేసినవాడివి.

ఒక్కటే అడుగుతాను. ఎర్ర బండిని ఇచ్చేముందు నాలుగు చక్రాలు, కార్బురేటరు, రేడియేటరు, వెనక ఇరుసు విప్పించి రైలు పార్సెలులో నాకు పంపు. వాటి స్థానంలో ఏవైనా పాతవి సుబ్బరాయుడే సర్దుకుంటాడు.

ఎందుకని అడగవద్దు.

అశ్వత్థప్ప


బెంగుళూరు
25-9-1947

అశ్వత్థప్పా,

బావా అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

అత్తవారింటికి పోయే పిల్లను ముస్తాబు చేసి, పల్లకి వాకిట్లో పెట్టినాక, కాళ్ళూ చేతులూ విరిచి మాకు పంపండి అని అడిగిన మేనమామ ఎక్కడైనా ఉన్నాడా? కంసుడు కూడా అట్లా అడగలేదు! నీ బండికి నీ చక్రాలు ఉన్నాయి, నీ ఇరుసు ఉంది. నావెందుకు? నా జాగ్వార్ చెడగొట్టాలి, అంతే కదా! చక్రాలు లేని బండిని సుబ్బరాయుడు తీసుకోడు, పులి నా వాకిలి తొక్కదు, నువ్వు మదనపల్లెలో మీసం దువ్వుకుంటావు.

అవి దేవుడు నాకు పంపిన చక్రాలు. నువ్వు మోసుకొచ్చినవాడివి మాత్రమే. పోస్టుమాన్ వచ్చి మనియార్డరు తనదే అంటే ఇస్తామా?

ఈ ఏడు ఆయుధపూజకు నీ బండికి మందిరం నుంచి నిమ్మకాయలు పంపను. నాలుగు చక్రాల కింద నాలుగు కాయలు పెట్టి తొక్కించే వేళ, ఎందుకు రాలేదో ఆలోచించుకో. మీ ఊరగాయ కూడా నాకు వద్దు. జాడీ కడిగించి మందిరం పనివాడు అంజినప్ప చేత పంపిస్తున్నాను.

ఆదినారాయణప్ప


మదనపల్లె
1-10-1947

అన్నా,

నేను సొన్నమ్మను. చిన్నప్పుడు నువ్వు ఇసుకలో వేలు పట్టి దిద్దించిన అక్షరాలతోనే రాస్తున్నాను, తప్పులుంటే గురువుదే పాపం. ఆయన సంతకు పోయినాడు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఒట్లు తప్పే వంశమే కదా మనది, నేనూ తప్పుతున్నాను.

ఆ కాఫీతోట దొర పుట్టనే లేదు అన్నా. ఇంక చచ్చేదెక్కడ?

జపాను వాళ్ళు మలయా పట్టుకున్న ఏడు, టైర్లు అరిగిపోయి నువ్వు ఇంట్లో కూర్చున్నావు, గుర్తుందా? "దేవుడు నా నోరు కట్టేశాడు, అత్తిబెలె వాళ్ళు రెండు శనివారాలుగా దీపం పెట్టుకుని కాచుకుని ఉన్నారట" అని రాశావు. అది చదివి ఆయన రెండు రోజులు షెడ్డు చుట్టూ తిరిగినాడు. మూడో రోజు తెల్లారి జాకీ తీసుకుని షెడ్డులోకి పోయినాడు. "ఏం చేస్తా ఉండావు?" అని అడిగినాను.

"నా బండి నన్ను సంతకు తీసుకపోతాది, అంతే. మీ అన్న బండి పోయిన ఊరికి దేవుని మాట పోతాది. రెంట్లో ఏది నిలవాలో నువ్వే చెప్పు" అన్నాడు.

చక్రాలకు వెండి రంగు కొట్టించి పంపినాడు. మరుసటేడు కార్బురేటరు. ఆ పైన రేడియేటరు. ఆ పైన ఇరుసు. ఒక్కొక్కటి విప్పిన రోజు రాత్రి "సొన్నా, మీ అన్న కథ చెప్పేటప్పుడు ఆ రేడియేటరు పక్కన చల్లగా వింటా ఉంటాది" అని నవ్వేవాడు. నవ్వి అటు తిరిగి పడుకునేవాడు. ఇప్పుడు షెడ్డులో నాలుగు రాళ్ళ మీద ఒక ఆకుపచ్చ డొల్ల ఉంది. సీటులో మా పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. నీకన్నా ముందే మా బండిలోకి పులి వచ్చింది అన్నా.

యుద్ధం అయిపోయినాక నీకు కొత్త సామాన్లు వస్తాయి, అప్పుడు పాతవి అడిగి తెచ్చుకుని తన బండి నిలబెట్టుకుందామని ఆయన ఆశ. ఇప్పుడు అవి మద్రాసుకు పోతాయని విన్నప్పటినుంచి షెడ్డు తాళం తీయడం లేదు.

ఇంకొక నిజం కూడా చెప్పేస్తాను. చక్రాలు లేని బండి నిమ్మకాయలు ఎట్లా తొక్కుతుంది? నువ్వు ఏటా పంపిన నాలుగు కాయలను, పూజ చేసినవి కదా, పారేయడానికి నాకు చెయ్యి రాలేదు. కడిగి ఊరగాయ పెట్టినాను. ఐదేళ్ళుగా నువ్వు చెంచాతో నాకుతున్నది అదే.

జాడీ వెనక్కి పంపినావు. దాంట్లో కాయ ఎక్కడ వేయాలో ఇప్పుడు నువ్వే చెప్పు.

నీ చెల్లెలు
సొన్నమ్మ


బెంగుళూరు
7-10-1947

బావా! బావా! బావా!

సొన్నమ్మ మీద కోపగించుకోకు. ఒట్టు తప్పి నన్ను నరకం అంచు నుంచి లాగింది.

జాబు చదివి నేరుగా కొట్టంలోకి పోయాను. ఎర్ర బండి చక్రం పక్కన కూర్చుని, కాలణాతో ఒక కమ్మీ గోకాను. పైన నేను వేయించిన ఎరుపు. దాని కింద వెండి. దాని కింద ఆకుపచ్చ! రెండో చక్రం గోకాను, ఆకుపచ్చ! నాలుగూ గోకాను బావా. నంజమ్మ వచ్చి "ఏమయ్యా, చక్రం పట్టుకుని ఏడుస్తా ఉండావు?" అంది. చెప్పాను. ఆమె కూడా నా పక్కనే కూర్చుంది.

దధీచి కథ ఎన్నిసార్లు చెప్పానో నీకు తెలుసు. దేవతలకు ఆయుధం కావాలంటే తన వెన్నెముక ఇచ్చిన ఋషి కథ. ఆ ఘట్టం వచ్చినప్పుడు నేను బల్ల గుద్ది, "ఈ కలిలో అట్లాంటివాడు ఉన్నాడా? ఉంటే చూపండి!" అని అరుస్తాను. ఐదేళ్ళుగా నీ ఎముకల మీదే కూర్చుని పోయి అరిచాను. వెనక ఇరుసు నన్ను చూసి ఎంత నవ్వుకుందో!

మొన్న శనివారం మందిరంలో లేచి నిలబడి అంతా చెప్పేశాను. కాఫీతోట దొర లేడని, అద్భుతమని చెప్పింది అబద్ధమని, దేవుడు పంపిన మనిషిని పోస్టుమాన్ అని తిట్టానని. ఆఖరికి ముందు వరసలో మగ్గం నాగప్ప, తొంభై ఏళ్ళవాడు, చేయి చెవి దగ్గర పెట్టుకుని అడిగాడు:

"అయితే సామీ, ఆ దేవుడు మదనపల్లెలో ఉండాడా?"

"ఉండాడప్పా. మా చెల్లెలి మొగుడే" అన్నాను.

అందరూ చేతులెత్తి దండం పెట్టారు. తూర్పు దిక్కు అని తెలియక కొందరు పడమరకు తిరిగారు, నేనే తిప్పాను.

సుబ్బరాయుడి దగ్గరికి పోయి ఎర్ర బండి ఇవ్వనని చెప్పాను. "మాట ఇచ్చి తప్పుతారా స్వామీ, మీరే ఇట్లంటే ఎట్లా?" అన్నాడు. "తప్పుతాను. ఈ నెలలో తప్పడం నాకు అలవాటైంది" అన్నాను. కథ విని మీసం తిప్పుకున్నాడు. "పూర్తి డబ్బు తెస్తే పులి మీదే. ఆ వకీలుకు నేను ఏదో ఒకటి చెప్పుకుంటా" అన్నాడు.

నేను పులిని వదులుకున్నాననే అనుకున్నాను బావా. నిజంగానే. రెండు రోజులు ఆ వీధి వైపు పోలేదు. నంజమ్మే పెట్టెలోనుంచి యలహంక స్థలం పత్రం తీసి నా ముందర పడేసింది. "దీన్ని అమ్ము. ఆ ఊరవతల కప్పలు తప్ప ఎవరుంటారు? ఏనాటికైనా అక్కడికి మనిషి పోతాడా? నాకు ఆ జట్కాను దాటాలని ఉంది" అంది.

కాబట్టి విను. మహర్నవమికి ముందురోజు నేనూ నంజమ్మా ఎర్ర బండిలో మదనపల్లె వస్తాం. వచ్చేటప్పుడు తోలేవాణ్ణి నేను. పోయేటప్పుడు బస్సు. బండి నీది. దాని ఒళ్ళు ఎర్రగా ఉందని అనుమానపడకు, గోకి చూసుకో.

జాగ్వార్ సంగతి నువ్వు చెప్పినట్టే. ఇద్దరి ఒట్టు. నువ్వు విడిస్తేనే దాని చక్రం పడతాను. విడవకపోతే బస్సు దిగి నడిచే పోతాను. కాలినడకన మొదలుపెట్టినవాడు రాముడే కదా!

నిమ్మకాయలు నాలుగు మందిరంలో పెట్టించాను. ఈసారి నా చేత్తో తెస్తాను.

నీ పాదాలకు, అవి వద్దంటే నీ నాలుగు చక్రాలకు,
దండం పెట్టే ఆదినారాయణప్ప


మదనపల్లె
26-10-1947

బావా,

మీరు బస్సెక్కి పోయినాక ఇల్లు బోసిగా ఉంది. వీధి మాత్రం బోసిగా లేదు, తెల్లారితే చాలు పిల్లాపెద్దా వాకిట్లోనే ఉంటున్నారు. జయమ్మ రోజూ వచ్చి ఎనిమిది మూలల ముద్రకు పసుపు రాసి పోతోంది. తుడిస్తే తిడుతుంది.

నువ్వున్నప్పుడు చెప్పని మాట ఒకటి ఉంది. ఇప్పుడు రాస్తాను. బస్టాండులో నిన్ను దించి ఒక్కణ్ణే తిరిగి వస్తుంటే, ఏరు దాటినాక రోడ్డు చదునుగా ఉండే చోటు ఉంది కదా, అక్కడ వేగం పెంచాను. ఐదేళ్ళ తరువాత ఆ కార్బురేటరు నా కాలి కింద దగ్గింది. అదే దగ్గు! నీ దగ్గర ఉండి కూడా అది ఏమీ మర్చిపోలేదు. గట్టిగా అరిచాను. చేలో కలుపు తీస్తున్నవాళ్ళు లేచి చూశారు.

సీటు కింద నీ పాత గ్రంథం ఒకటి, సగం నమిలిన లవంగాల పొట్లం, మాసిన నీ తలగుడ్డ ఒకటి దొరికాయి. గ్రంథం ఉంచుకుంటాను, బండికి అలవాటైంది. ఆకుపచ్చ డొల్ల పిల్లికే ఇచ్చేశాం.

ఇక నువ్వు బస్సు మెట్టు మీద నిలబడి కూడా అడగకుండా పోయిన మాట. అడగలేదని నాకు తెలుసు, ఎంత కష్టపడి మింగావో కూడా చూశాను. ఆ ఒట్టును నేనే ముందు తప్పాను బావా, ఒట్టు పెట్టిన బండినే విప్పేశాను. ఐదేళ్ళు నా చేతిలో ఏ చక్రమూ లేదు. ఉన్నదానితో నీకు విడుపు ఇస్తున్నాను:

విడిచాను.

పులిని తోలుకురా. నంది కొండ దాకా పందెం. గెలుస్తాననుకోకు, ఎముకలు నావి.

సొన్నమ్మ ఈ జాబు మడవనివ్వడం లేదు, ఒక మాట రాయమంటోంది. ఖాళీ జాడీ అలమారలో బోర్లించి పెట్టింది. కాయలు నాలుగూ మన కళ్ళ ముందరే చక్రాల కింద నలిగిపోయాయి కదా. ఈ ఏడు నీకు ఊరగాయ లేదు.

అశ్వత్థప్ప